బెల్‌ఫాస్ట్ కట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం. నువ్వు యుద్ధనౌకల మోడళ్లు కట్టడం మొదలుపెడుతున్నావనీ, తొలి ఓడగా 1/350 స్కేలులో, అంటే అసలు ఓడలో 350వ వంతు సైజులో, బ్రిటిష్ యుద్ధనౌక హెచ్‌ఎంఎస్ బెల్‌ఫాస్ట్ కిట్టు తెప్పించుకున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పినప్పుడు కాసేపు నాకు మాట రాలేదు. మన ఇంట్లో ఈ పని నాతోనే ఆగిపోతుందని ఎన్నో ఏళ్ల కిందటే మనసు సమాధానపరచుకున్నాను. సంతోషం వెనకే భయం కూడా వచ్చింది. నేను అన్నిటికన్నా ఎక్కువగా తప్పు చేసిన ఓడ అదే. ఆ సంగతి పూర్తిగా చెప్పకుండా నిన్ను మొదటి ముక్క కత్తిరించనివ్వడానికి నాకు మనసొప్పడం లేదు.

మామూలు పనుల గురించి ఎక్కువ రాయను. ముక్కలున్న ఫ్రేములను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు. లేకపోతే వాటికి అంటుకున్న జిడ్డు మీద రంగు నిలవదు. జిగురు పెట్టేముందు ప్రతి ముక్కనూ ఉత్తినే అమర్చి చూసుకో. బ్రష్షు దూరని మూలలను మూసేయకముందే వాటికి రంగు వెయ్యి. ఇత్తడి రేకు రెయిలింగులు అన్నిటికన్నా చివర పెట్టు. ముందే పెడితే నీ మోచెయ్యే వాటిని వంచేస్తుంది. ఇవన్నీ ఒకటి రెండు నెలల్లో నీ చేతులకే తెలిసిపోతాయి.

చేతులకు వాటంతట అవి తెలియనిది ఒకటుంది. దాని కోసమే ఈ ఉత్తరం.

నేను ఆ ఓడను 1/600 స్కేలులో కట్టాను. అప్పటికి నాకు ముప్పయ్యేళ్లు నిండలేదు. 1943 డిసెంబర్ 26న నార్వేకు ఉత్తరాన, నార్త్ కేప్ దగ్గర, ధ్రువప్రాంతపు చీకట్లో జర్మన్ యుద్ధనౌక షార్న్‌హోర్స్ట్‌ను ముంచిన రోజున బెల్‌ఫాస్ట్ ఎలా ఉన్నదో సరిగ్గా అలాగే కట్టాలని నా సంకల్పం. షార్న్‌హోర్స్ట్ మీదున్న 1,968 మందిలో ప్రాణాలతో బయటపడింది 36 మందేనని చదివిన రోజు నుంచి ఆ యుద్ధం నన్ను వదల్లేదు. ఆ రోజు బ్రిటిష్ క్రూయిజర్ల దళాన్ని నడిపించిన వైస్ అడ్మిరల్ బర్నెట్ జెండా ఎగిరింది బెల్‌ఫాస్ట్ మీదే. ఆ ఓడ ఇప్పటికీ లండన్‌లో థేమ్స్ నది మీద ఉంది. 1971 నుంచి జనం ఎక్కి చూస్తున్నారు. ఒక స్నేహితుడు పనిమీద అక్కడికి వెళుతుంటే బతిమాలి రెండు రీళ్ల నిండా ఫోటోలు తీయించుకున్నాను. ముందు నుంచీ, వెనక నుంచీ, మెట్ల పక్క నుంచీ, ఫిరంగుల కింద నుంచీ, మొత్తం డెబ్బై రెండు ఫోటోలు. అసలు ఓడ ఫోటోలే చేతిలో ఉన్నప్పుడు ఇంకో ఆధారం ఎందుకని అనుకున్నాను. కిట్టులో వచ్చిన ముక్క ఫోటోతో కలవకపోతే ముక్కనే తప్పుపట్టి, ప్లాస్టిక్ రేకు కోసి కొత్తది చేసేవాణ్ని. పద్నాలుగు నెలలు పట్టింది. డెక్కు మీద నిలువుగా లేచే స్తంభాలైన మాస్ట్‌ల కోసం సన్నటి తీగలను ఒక్కొక్కటిగా అడ్డంగా, ఏటవాలుగా అతికించి జాలీలాగా అల్లాను. ఒక్కో మాస్ట్‌కు మూడు వారాలు.

తరవాత ఒక మోడళ్ల ప్రదర్శనలో దాన్ని బల్ల మీద పెట్టి, పక్కన "నార్త్ కేప్, 1943" అని రాసిన కార్డు నిలబెట్టాను. చాలామంది చూసి మెచ్చుకుని వెళ్లారు. మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. నౌకాదళంలో సిగ్నల్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. కళ్లద్దాలు నొసటి మీదకు జరుపుకుని, వంగి, చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూశాడు. ఆయన వేలు మాస్ట్ చివరకు అంగుళం దూరంలో, తగలకుండా, ఆగి ఉంది. "బాబూ, ఇది ఏ సంవత్సరపు ఓడ?" అని అడిగాడు. కార్డు చూపించాను. ఆయన తల అడ్డంగా ఊపి, వేలిని నెమ్మదిగా, అధికారులు నిలబడి ఓడను నడిపించే బ్రిడ్జి మీదకు దించి, "అప్పుడు ఇక్కడ కప్పు లేదు బాబూ. మావాళ్లు తడిసింది ఇక్కడే" అన్నాడు.

ఆయన వెళ్లిపోయాక నేను చదవడం మొదలుపెట్టాను. పద్నాలుగు నెలల ముందు చెయ్యాల్సిన పని అది. బెల్‌ఫాస్ట్‌ను 1956 నుంచి 1959 దాకా రేవులో పెట్టి పూర్తిగా ఆధునీకరించారు. యుద్ధం నాటి మూడుకాళ్ల మాస్ట్‌లను తీసేసి, కొత్త రాడార్ల బరువు మోయడానికి జాలీ మాస్ట్‌లు నిలబెట్టారు. గాలికీ మంచుకూ తెరిచి ఉన్న బ్రిడ్జిని మూసేసి కొత్తది కట్టారు. 1943లో నాలుగంగుళాల జంట ఫిరంగులు ఆరు ఉండేవి. యుద్ధం చివర్లో రెండింటిని తొలగించారు కనుక నా ఫోటోల్లో నాలుగే ఉన్నాయి. విమానాలను నీటి మీదకు విసిరే కేటపల్ట్ కూడా అప్పుడే పోయింది. అంటే నేను అంత శ్రద్ధగా కట్టింది 1959 నాటి ఓడను. మరి నాకు అనుమానం ఎందుకు రాలేదు? అందరూ మోసపోయే చోటు ఇదే, జాగ్రత్తగా చదువు. థేమ్స్ మీదున్న ఆ ఓడకు మ్యూజియం వారు వేయించిన మభ్యపెట్టే రంగుల పట్టీలు 1942 నవంబర్ నుంచి 1944 జూలై దాకా దాని ఒంటి మీదున్నవి. రంగు యుద్ధకాలానిది, శరీరం పదిహేనేళ్ల తరవాతది. నేను రంగును చూసి శరీరాన్ని నమ్మాను.

ఫిరంగుల లెక్క తప్పినందుకు నేను అంతగా బాధపడలేదు. ఆ బ్రిడ్జి మీది కప్పు మాత్రం ఈ రోజుకూ నన్ను బాధిస్తుంది. ధ్రువప్రాంతపు డిసెంబర్‌లో, సముద్రపు నీళ్లు ముఖం మీద పడి గడ్డకట్టే చలిలో, కొంతమంది ఆ తెరిచిన చోట నిలబడి గంటల తరబడి చీకట్లోకి చూశారు. ఆ రోజును తలుచుకోవడానికే ఓడ కడుతున్నానని చెప్పుకున్న నేను, వాళ్లు పడ్డ కష్టం మీదే మూత పెట్టాను. చెరిపేయాలని రాత్రికి రాత్రి ఆ మాస్ట్‌ను పీకబోతే పొగగొట్టం అంచు విరిగింది, డెక్కు మీద గాటు పడింది. అలాగే అద్దాల పెట్టెలో పెట్టి ఉంచాను. చిన్నప్పుడు నువ్వు ముక్కు అద్దానికి ఆనించి చూసేదానివే, ఆ ఓడే అది. విరిగిన పొగగొట్టం చూసి "మామయ్యా, దీనికి దెబ్బ తగిలిందా?" అని అడిగావు. యుద్ధంలో తగిలిందని చెప్పాను. ఆ అబద్ధం ఈ ఉత్తరంతో సరిచేస్తున్నాను.

కాబట్టి కిట్టు పెట్టె తెరిచేముందు ఒక తేదీ ఎంచుకో. సంవత్సరం చాలదు, నెలైనా తెలియాలి. 1939 ఆగస్టులో నౌకాదళంలో చేరిన బెల్‌ఫాస్ట్ వేరు. అదే నవంబర్‌లో అయస్కాంత మైను పేలి వెన్ను విరిగాక, మూడేళ్లు మరమ్మతు చేసి రెండు పక్కలా పొట్టను ఉబ్బించి 1942 నవంబర్‌లో తిరిగి పంపిన ఓడ వేరు. 1944 జూన్‌లో నార్మండీ తీరాన్ని కాల్చిన ఓడ, 1950లో కొరియాకు వెళ్లిన ఓడ మళ్లీ వేరు. నీ కిట్టు ఏ కాలానిదో పెట్టె మీద చూడు. ఆ కాలాన్నే ఎంచుకుంటే నీ పని సగం తగ్గుతుంది.

తేదీ తెలిశాక ఆధారాలను నమ్మే వరస ఇది: తేదీ తెలిసిన ఫోటో అన్నిటికన్నా పైన ఉంటుంది. తరవాత, ఓడ పూర్తయ్యాక నిజంగా ఎలా తయారైందో చూపిస్తూ రేవులవాళ్లు గీసిన పటాలు. బ్రిటిష్ ఓడలవి గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. ఫోటోలకైతే ఇంపీరియల్ వార్ మ్యూజియం భాండాగారం ఉంది. బెల్‌ఫాస్ట్ ఇప్పుడు ఆ మ్యూజియంలో భాగమే. ఓడ ఏ రోజు ఎక్కడుందో తేల్చుకోవాలంటే ఓడ దినచర్య రాసే లాగ్ పుస్తకాలు లండన్‌లో క్యూ (Kew) అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. పెట్టె మీది బొమ్మనూ, ఎవరో కట్టిన ఇంకో మోడల్‌నూ ఆధారంగా తీసుకోకు. ఒకడి తప్పు పదిమంది బల్లల మీదకు పాకేది ఆ దారిలోనే. ఫోటోలో నీకు కనిపించిన ప్రతి వస్తువుకూ ఎదురుగా ఒక నోటుపుస్తకంలో ఫోటో తేదీ రాసుకో. తేదీ లేని ఫోటోకు వేరే పేజీ పెట్టుకో.

నలుపు తెలుపు ఫోటో చూసి రంగు చెప్పడంలో తొందరపడకు. ఆ రోజుల్లో రెండు రకాల ఫిల్ము వాడేవారు. ఒక రకం ఎరుపును గుర్తించదు కనుక ఎర్ర రంగు ఫోటోలో దాదాపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. రెండో రకం అలా చెయ్యదు. ఒకే ఓడ పక్క రెండు ఫోటోల్లో రెండు రకాలుగా కనిపిస్తే ఓడకు మళ్లీ రంగు వేశారని అనుకోకు, ముందు ఫిల్ముని అనుమానించు. ఇంకొక మాట. అసలు ఓడ రంగునే మోడల్ మీద వేస్తే అది మరీ ముదురుగా ఉంటుంది. దూరం నుంచి చూసే వస్తువు గాలి పొరల్లో కాస్త వెలిసినట్టు కనబడుతుంది కనుక, రంగులో కొంచెం తెలుపు కలుపు. ఎంత కలపాలో కొలత చెప్పలేను, కిటికీ దగ్గర వెలుగులో నీ కన్నే చెప్పాలి.

187 మీటర్ల ఓడ నీ స్కేలులో 53 సెంటీమీటర్లకు వస్తుంది. డెక్కు మీద మనిషి అయిదు మిల్లీమీటర్లు కూడా ఉండడు. సెంటీమీటరు మందమున్న ఇనుప తాడు మిల్లీమీటరులో ముప్పై అయిదో వంతు, వెంట్రుక కంటే సన్నం. అందుకని దారాలు కట్టేటప్పుడు ఉన్నవన్నీ కట్టాలని పట్టుబట్టకు. లావుపాటి దారాలు పది కట్టి ఓడను బోనులో పెట్టినట్టు చెయ్యడం కన్నా, సన్నటివి నాలుగు కట్టడం నయం.

ఆధారాల మోజు ఎక్కువైనా ప్రమాదమే, అది కూడా నా బల్ల మీదే ఉంది. బెల్‌ఫాస్ట్ తరవాత మొదలుపెట్టిన డిస్ట్రాయర్ అనే చిన్న యుద్ధనౌకకు ఎడమ పక్క ఫోటో ఒక్కటి దొరకాలని పదకొండేళ్లు కాచుకుని కూర్చున్నాను. అది దొరకలేదు, ఓడ పూర్తి కాలేదు. ఒక ఏడాది వెతుకు. దొరకని చోట ఆ తరగతి ఓడల్లో మిగతావి ఎలా ఉన్నాయో చూసి, నోటుపుస్తకంలో "ఇది ఊహ" అని రాసుకుని కట్టెయ్యి.

ఇప్పుడు కోప్పడాల్సిన సంగతికి వస్తున్నాను. రాత్రి రెండింటి దాకా తలుపులు వేసుకుని గదిలో స్ప్రే రంగు కొడుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇది నాకు నచ్చలేదు. ఇరవై ఏళ్లపాటు నేనూ అలాగే చేశాను; రెజిన్ అనే పోత ప్లాస్టిక్ ముక్కలను పొడిగా అరగదీసి ఆ దుమ్మంతా పీల్చాను. మెట్లెక్కేటప్పుడు నేను ఎక్కడ ఆగుతానో మీ అమ్మకు తెలుసు, అడుగు. రెజిన్‌ను ఎప్పుడూ తడిపే అరగదియ్యి. ఆవిర్లు లోపలికి పోకుండా ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకోకుండా, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ముట్టుకోకు. దుమ్ముకు కట్టుకునే గుడ్డ మాస్కు థిన్నర్ ఆవిరిని ఆపలేదు. కిటికీ తెరిచి, గాలి బయటికి లాగే ఫ్యాను పెట్టు. గుండ్రటి పిడి ఉన్న కత్తి బల్ల మీద నుంచి దొర్లి, మొన కిందకే పడుతుంది. పిడికి దొర్లకుండా ఏదైనా చుట్టు, పడుతుంటే పట్టుకోవడానికి చెయ్యి చాచకు, ఒడి దగ్గరకు చేర్చకు. మంచి మాస్కు కొనుక్కోవడానికి డబ్బు పంపుతున్నాను. దాంతో ఇంకో కిట్టు కొన్నావంటే నేను నిజంగానే బాధపడతాను. నీ చేతులు బాగుంటాయి తల్లీ, చిన్నప్పుడు కాగితపు పడవల అంచులు కూడా గోటితో నొక్కి సరిచేసేదానివి. ఆ చేతులు, ఆ ఊపిరి అరవయ్యేళ్లకు కూడా నీకు పనికిరావాలి.

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న డబ్బా వస్తుంది. జాగ్రత్తగా విప్పు. అందులో దూది మధ్య మూడుకాళ్ల మాస్ట్ ఒకటి ఉంది. ఆ పెద్దాయన మాట విన్న ఏడాదికి ఇత్తడి గొట్టాలతో చేశాను, ఓడ మీద మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. నాది 1/600, నీది 1/350. కనుక అది నీ ఓడకు సరిపోదు, నీ మాస్ట్ నా దానికి 1.7 రెట్లు ఉండాలి. కొలతలు కూడా దీని నుంచి తీసుకోకు, తేదీ ఉన్న ఫోటో నుంచే తీసుకో. మూడు కాళ్లు పైన ఎలా కలుస్తాయో చూడటానికి మాత్రం దగ్గర పెట్టుకో.

ఏ తేదీ ఎంచుకున్నావో వెంటనే రాయి. 1943 డిసెంబర్ అయితే నా దగ్గర ఒక ఫైలు ఉంది, అదీ పంపుతాను.

ఇట్లు,
నీ మామయ్య