నేలలో వేడినీటి గొట్టాలు వేయించబోయే ముందు

చిరంజీవికి, అంబాజీపేట నుంచి మీ పెదనాన్న ఆశీస్సులు.

అమెరికాలోని మినియాపొలిస్‌లో కట్టించుకుంటున్న ఇంటికి గాలిని వేడిచేసే ఫర్నేస్ వద్దనుకుని, నేలలో గొట్టాలు పరిచి వేడినీళ్లు తిప్పే పద్ధతి ఎంచుకున్నానని రాస్తూ, కాంట్రాక్టరు ఇచ్చిన అంచనా కూడా పంపావు. శ్రద్ధగా చదివాను. అందులో బాయిలర్ గురించి రెండు పేజీలు ఉన్నాయి, వేడి మట్టిలోకి పోకుండా నేల కింద వేసే ఇన్సులేషన్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. నా ఉద్యోగ జీవితమంతా చలిదేశాల్లో ఈ పనిమీదే గడిచింది కాబట్టి, ఆ వరస చూసి ఆలస్యం చేయకుండా రాస్తున్నాను. బాయిలర్ పాడైతే మరొకటి పెట్టుకుంటావు, పంపు ఒక పూటలో మారుతుంది. కాంక్రీటులో కలిసిపోయినదాన్ని మాత్రం ఆ ఇల్లు ఉన్నంతకాలం ముట్టుకోలేవు. అందుచేత నీ డబ్బూ, నీ శ్రద్ధా ముందు కాంక్రీటు పోత కిందికి వెళ్లేవాటి మీద పెట్టు.

గొట్టాల లెక్క కంటే ముందు, ఇంట్లోంచి వేడి ఎంత పోతుందన్న లెక్క కావాలి. ప్రతి గదికీ గోడలు, కిటికీలు, కప్పు విస్తీర్ణం తీసుకుని, ఒక్కొక్కదాని గుండా ఎంత వేడి బయటికి పోతుందో, సందుల్లోంచి దూరే చలిగాలి మరెంత పట్టుకుపోతుందో కూడి చూడాలి. అమెరికాలో దీనికి మాన్యువల్ జే అనే పద్ధతి వాడుకలో ఉంది. మీ ఊరికి బయటి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 24 డిగ్రీల సెల్సియస్ అనుకుని లెక్క వేయాలి. చదరపు అడుగుకు ఇంత అని గుండుగుత్తగా చెప్పే మాటను ఒప్పుకోవద్దు. గదుల వారీగా కాగితం మీద చూపమను. ఉత్తరం వైపు పెద్ద కిటికీ ఉన్న గదికీ, ఇంటి మధ్యలో ఉన్న గదికీ ఒకే అంకె వేసే మనిషి లెక్క చేయలేదని అర్థం.

ఆ అంకె చేతికి వస్తే మిగతాది సులువుగా తేలుతుంది. వెచ్చని నేల, గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటే అన్ని డిగ్రీలకూ, చదరపు మీటరుకు డిగ్రీకి సుమారు 11 వాట్ల చొప్పున వేడి ఇస్తుంది. మనుషులు తిరిగే చోట నేల ఉపరితలం 29 డిగ్రీలు దాటకూడదని యూరప్ ప్రమాణం చెబుతుంది. అంతకు మించితే పాదాలకు చెమట పడుతుంది, కాళ్లు బరువెక్కినట్లుంటాయి. అంటే గది 20 డిగ్రీల వద్ద ఉంటే, చదరపు మీటరు నేల నుంచి 100 వాట్లకు మించి ఆశించడానికి లేదు. ఏ గదికైనా అంతకన్నా ఎక్కువ కావలసి వస్తే, నీళ్లు ఇంకా వేడిచేయడం దానికి విరుగుడు కాదు, ఆ గది కిటికీనీ గోడనీ మెరుగుపరచాలి. నీ కింది అంతస్తు 1,200 చదరపు అడుగులు, అంటే సుమారు 110 చదరపు మీటర్లు. మంచి ఇన్సులేషన్‌తో దానికి 6 కిలోవాట్లు సరిపోతాయని తేలిందనుకుందాం. చదరపు మీటరుకు 55 వాట్లు పడుతుంది, నేల 25 డిగ్రీలుంటే చాలు, పైన టైల్స్ వేస్తే గొట్టంలోకి వెళ్లే నీరు 35 డిగ్రీలకు కాస్త అటూఇటూగా ఉంటే సరిపోతుంది. ఈ పద్ధతి గొప్పతనమంతా ఆ తక్కువ ఉష్ణోగ్రతలోనే ఉంది. గ్యాస్ బాయిలర్‌కు తిరిగి వచ్చే నీరు సుమారు 55 డిగ్రీల లోపు ఉంటేనే పొగలోని ఆవిరి నీరై, అందులో దాగిన వేడి మనకు దక్కుతుంది. రేపు బయటి వేడిని కరెంటుతో లోపలికి లాగే హీట్ పంపుకు మారినా, ఎంత తక్కువ వేడినీరు అడిగితే అంత తక్కువ కరెంటు కాలుతుంది.

ఇక నేల అడుగు సంగతి. చదును చేసిన కంకర మీద పాలిథీన్ షీటు, దాని మీద ఎక్స్‌పీఎస్ అనే గట్టి ఫోమ్ పలకలు కనీసం రెండంగుళాల మందం, మీ వాతావరణానికి నన్నడిగితే మూడంగుళాలు వేయించు. అంతకన్నా ముఖ్యమైనది అంచు. స్లాబ్, అంటే నేలగా పోసే కాంక్రీటు, నాలుగు పక్కలా బయటి గోడను తాకే చోట నిలువుగా ఫోమ్ పెట్టకపోతే, నువ్వు డబ్బు పోసి కాచిన వేడి పునాది మీదుగా మంచులోకి పోతుంది. అలా అంచు వదిలేసిన ఇళ్లలో చలికాలం ఉదయం గోడ పక్కన రెండడుగుల మేర మంచు కరిగిపోయి నేల కనిపిస్తుంటుంది. పలకల మధ్య కీళ్లకు టేపు వేయించు. ఈ పనికి పైన మిగిలే డబ్బు ఏదైనా ఉంటే, దాన్ని గది వేడిని అదుపుచేసే ఖరీదైన థర్మోస్టాట్‌కు కాక మరో అంగుళం ఫోమ్‌కు పెట్టు.

గొట్టం పెక్స్ అనే ప్లాస్టిక్‌ది అయి ఉండాలి, దానికి ఆక్సిజన్‌ను అడ్డే పొర తప్పనిసరిగా ఉండాలి. మామూలు ప్లాస్టిక్ గోడ గుండా గాలిలోని ఆక్సిజన్ మెల్లగా నీటిలోకి చేరి, పంపులోనూ బాయిలర్‌లోనూ ఉన్న ఇనుమును తినేస్తుంది. తాగునీటికి వాడే పెక్స్ కాస్త చవకగా వస్తుంది, చూడటానికి అలాగే ఉంటుంది. గొట్టం మీది ముద్ర చదివి తీసుకో. ఎండలో వారాల తరబడి పడేయనివ్వకు. నేలలో గొట్టాలంటే చిల్లులు పడతాయని నీకు ఎవరో చెప్పారన్నావు, ఆ భయం ఊరికే పుట్టలేదు. 1947 నుంచి న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్‌లో వేల ఇళ్ల స్లాబుల్లో రాగి గొట్టాలు వేశారు. ఏళ్లు గడిచాక చాలాచోట్ల రాగిని తుప్పు తినేసి గొట్టాలు కారాయి, నేల పగలగొట్టడం కంటే నయమని జనం గోడల పక్కన రేడియేటర్లు పెట్టుకున్నారు. పెక్స్‌కు ఆ తుప్పు జబ్బు లేదు. కాంక్రీటు లోపల ఎక్కడా అతుకు లేకుండా, ప్రతి లూపూ (నేలలో చుట్టి వచ్చే ఒక్కో గొట్టపు దారి) ఒకే తునక గొట్టంతో, నీటిని పంచి తిరిగి పోగుచేసే మేనిఫోల్డ్ నుంచి బయలుదేరి మేనిఫోల్డ్‌కే చేరాలి.

అరంగుళం గొట్టానికి లూపు 300 అడుగులు మించనివ్వకు. తొమ్మిది అంగుళాల ఎడంతో వేస్తే నీ నేలకు 1,600 అడుగులు పడుతుంది, ఆరు లూపులు చాలు. పెద్ద కిటికీల కింద మూడడుగుల మేర ఎడం ఆరంగుళాలకు తగ్గించి, బాయిలర్ నుంచి వచ్చే వేడినీరు ముందు అక్కడికి చేరేలా గీయించు. నీరు 5 డిగ్రీలు చల్లబడి తిరిగి రావాలనుకుంటే, 6 కిలోవాట్లకు గంటకు వెయ్యి లీటర్లకు కాస్త పైన, అంటే లూపుకు నిమిషానికి సుమారు మూడు లీటర్లు వెళ్లాలి. లూపుల పొడవులు ఒకదానికొకటి దగ్గరగా ఉండేలా చూడు, మేనిఫోల్డ్ మీద ప్రతి లూపుకూ ప్రవాహం చూపే గాజు గొట్టమూ, తిప్పి సరిచేసే వాల్వూ ఉండాలి. మన కాలువ మీద ఎగువ తూము షట్టరు పూర్తిగా ఎత్తేస్తే శివారు చేలకు నీరందనట్లే, పొట్టి లూపు నీరంతా లాగేసుకుంటే పొడుగు లూపు ఉన్న గది చల్లగా మిగిలిపోతుంది. ఆ గది చల్లగా ఉందని బాయిలర్ వేడి పెంచితే మిగతా గదులు ఉక్కపోస్తాయి. వాల్వులు సరిచేసే ఓపికే దీనికి మందు.

గొట్టం ఎక్కడ వేయకూడదో కూడా ప్లాను మీద గుర్తు పెట్టు. వంటింటి అల్మారాల కింద వద్దు. అమ్మాయి బియ్యం బస్తాలు, ఆవకాయ జాడీలు పెట్టుకునే స్టోరు గది కింద అసలే వద్దు, చలికాలమంతా గోరువెచ్చని నేల మీద ఉంటే అవి నిలవవు. టాయిలెట్ కమోడ్ కింద నీరు కారకుండా పెట్టే మైనపు ఉంగరం మెత్తబడుతుంది కనుక దానికి అడుగు దూరం ఉంచు. పై అంతస్తు చెక్క నేలకు దూలాల మధ్య అల్యూమినియం ప్లేట్లతో బిగించే పద్ధతి మంచిది. దానికి నీరు ఇంకాస్త వేడిగా కావాలి, అందుకని ఆ అంతస్తును, చల్లబడి వచ్చిన నీటిని కలిపి వేడి సరిచేసే వేరే మిక్సింగ్ వాల్వు మీద నడిపించు.

పోత రోజున నువ్వు సెలవు పెట్టి అక్కడ ఉండు. ముందు రోజే గొట్టాల్లో 100 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు) ఒత్తిడితో గాలి నింపి, గేజీ బిగించి ఉంచాలి. నీళ్లు నింపితే మీ చలికి గడ్డకట్టి గొట్టం పగులుతుంది కాబట్టి గాలే మేలు. రాత్రి చల్లబడితే ముల్లు కొంచెం దిగుతుంది, కంగారు పడకు, ఎండెక్కాక మళ్లీ పైకి వస్తుంది. ఎండెక్కినా దిగుతూనే ఉంటే మాత్రం పోత ఆపించు. కమ్మీలు కట్టే తీగ చివర్లు పైకి నిక్కి ఉంటే గొట్టానికి గుచ్చుకుంటాయి, ఒక్కొక్కటి చేత్తో తడిమి కిందికి వంచించు. గొట్టాన్ని మాత్రం ప్లాస్టిక్ కట్లతోనే కట్టించు. కాంక్రీటు పోస్తున్నంతసేపూ ఒకరు గేజీ దగ్గర నుంచి కదలకూడదు. పార తగిలి గొట్టం తెగితే ఆ క్షణంలోనే ముల్లు పడిపోతుంది, అప్పుడు అతుకు వేయడం పది నిమిషాల పని, మర్నాడైతే స్లాబ్ పగలగొట్టే పని. ఇష్టమొచ్చినట్లు బీటలు రాకుండా స్లాబులో కోసే గీత వచ్చే చోట గొట్టానికి తొడుగు వేయించు.

పోత అయ్యాక కనీసం మూడు వారాలు వేడినీరు తిప్పకు. ఆ తర్వాత మూడు రోజులు 25 డిగ్రీల లోపు నీటితో నడిపి, మెల్లగా పెంచుకుంటూ పో. త్వరగా గృహప్రవేశం చేయాలని వేడి పెడితే కాంక్రీటు బీటలిస్తుంది.

బాయిలర్ గురించి నాకున్న ఆందోళన ఒకటే, నీ అంచనాలో ఇంటి అవసరానికి రెట్టింపు పైగా ఉన్నది రాశారు. పెద్దది నిమిషాల్లో ఆగిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, అలా రోజంతా ఆరుతూ వెలుగుతూ త్వరగా అరిగిపోతుంది. ఎంత తక్కువకు దిగి మండగలదో అడుగు, ఆ అంకె ముఖ్యం. బయటి చలిని బట్టి నీటి వేడిని తానే మార్చుకునే అవుట్‌డోర్ రీసెట్ తప్పక పెట్టించు. నీ స్లాబ్ నాలుగంగుళాల మందానికి సుమారు 26 టన్నులు, దాన్ని ఒక్క డిగ్రీ పెంచడానికే 6 కిలోవాట్లకు గంట పైన పడుతుంది. కాబట్టి రాత్రి థర్మోస్టాట్ తగ్గించి పొద్దున్న పెంచే అలవాటు ఈ ఇంట్లో పనికిరాదు. ఒక ఉష్ణోగ్రత పెట్టి వదిలేయాలి. హాల్లో పరిచే మందపాటి తివాచీ కూడా వేడిని అడ్డుతుంది, పలుచటి చాప చాలు.

ఆఖరున నువ్వు అడిగిన మాట, మన ఊరి ఇంట్లో ఇలాగే గొట్టాలు వేసి బోరు నీటితో నేల చల్లబరచవచ్చా అని. వద్దు నాయనా. మన దగ్గర భూగర్భజలం వేడి ఏడాది సగటు గాలి వేడికి దగ్గరగా, 27, 28 డిగ్రీలుంటుంది, దానితో చల్లదనం పెద్దగా రాదు. యంత్రం పెట్టి ఇంకా చల్లబరిస్తే మరో చిక్కు వస్తుంది. గాలి 30 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు 25 డిగ్రీల నేల మీద నీరు చేరుతుంది. వాన ముందు మన గచ్చు చెమర్చడం నీకు గుర్తుండే ఉంటుంది. నేలను ఆ హద్దుకు పైన ఉంచితే చల్లదనం నామమాత్రం, కిందికి దింపితే ముసలివాళ్లు జారిపడతారు. బ్యాంకాక్ సువర్ణభూమి విమానాశ్రయంలో నేలలో చల్లనీరు తిప్పుతున్నారంటే, లోపలి గాలిలోని తేమను యంత్రాలతో తీస్తున్నారు గనుకే అది నడుస్తోంది. మన ఇంటికి డాబా మీద తెల్లపూత వేయించి, పడమటి కిటికీలకు నీడ పెంచుదాం.

ఇన్సులేషన్ మందం, లూపుల గీతలు, గదుల వారీ లెక్క ఉన్న ప్లానును గొట్టం ఆర్డరు ఇవ్వకముందే నాకు పంపు. పోతకు ముందు ప్రతి గదినీ గోడ నుంచి టేపు పరిచి, కొలత కనిపించేలా ఫోటో తీసి భద్రపరచు; రేపు గోడకు అడుగుపట్టీ కొట్టే వడ్రంగి మొదట అడిగేది అదే.

ఇట్లు
మీ పెదనాన్న