ఎఫ్‌పీజీఏ బోర్డుకి ఎస్‌డీఆర్ కిట్ తగిలించాలా, విడిగా ఎస్‌డీఆర్ కొనుక్కోవాలా?

ఎఫ్‌పీజీఏ (లోపలి లాజిక్ సర్క్యూట్‌ని మనమే రాసుకోగల చిప్) బోర్డు ఎలాగూ ఇంట్లో ఉంది, దానికే ఎస్‌డీఆర్ కిట్, అంటే సిగ్నల్ పనంతా సాఫ్ట్‌వేర్‌లోనో లాజిక్‌లోనో చేసుకునే రేడియో కార్డు తగిలిస్తే డబ్బు మిగులుతుంది కదా అని అడిగారు. మిగలదు. ఊరికే రేడియో వినడమే మీ కోరికైతే ఆర్‌టీఎల్ డాంగిల్ (యూఎస్‌బీకి పెట్టుకునే చిన్న ఎస్‌డీఆర్ రిసీవర్) కొనుక్కుని ఈ రోజే మొదలుపెట్టండి, మిగతాది చదవక్కర్లేదు. ఫిల్టర్లు, డీమాడ్యులేటర్ (సిగ్నల్ నుంచి సమాచారం వెలికితీసేది) నేనే లాజిక్‌లో రాసుకుంటాను అంటే మాత్రం కిట్టే కరెక్టు.

ఎందుకంటే, ఈ కిట్లలో ఎక్కువగా కనిపించే ఏడీ9361 రేడియో చిప్ గరిష్ఠంగా సెకనుకు 6.144 కోట్ల శాంపిళ్లు ఇస్తుంది. ఒక్కో శాంపిల్‌లో ఉండే ఐ, క్యూ అనే రెండు భాగాలనీ 16 బిట్ల చొప్పున సర్దితే ఒక్క ఛానెల్‌కే సెకనుకు 245 మెగాబైట్లు. గిగాబిట్ ఈథర్నెట్ 125 దాటి మోయలేదు. అంటే డేటాలో దాదాపు సగం బయటికే రాదు, వడగట్టి తగ్గించే పని లాజిక్‌లోనే జరగాలి. "అంతా పీసీకి పంపించేసి గ్నూ రేడియో సాఫ్ట్‌వేర్‌లో చూసుకుంటా" అనేవాళ్లు ఎఫ్‌పీజీఏ బోర్డు ఎందుకు కొన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక ఏ కిట్ అనేదానికి వస్తే, అందరూ చిప్ గురించే గంటలు గంటలు వాదించుకుంటారు. నన్నడిగితే చిప్ అన్నిటికన్నా ఆఖరున చూడాల్సింది. ముందు చూడాల్సింది వీఏడీజే, అంటే మీ బోర్డు ఎఫ్‌ఎంసీ కనెక్టర్ (కార్డు తగిలించే సాకెట్) ద్వారా కార్డుకి ఇచ్చే ఐఓ (సిగ్నల్ పిన్నుల) వోల్టేజీ.

మా ల్యాబ్‌లో జరిగింది చెప్తాను. అసలు కంపెనీ అయిన ఎనలాగ్ డివైసెస్‌ది కాకుండా, అదే డిజైన్ చూసి ఇంకెవరో చేసిన ఏడీ9361 కార్డు ఒకటి తెప్పించారు. పాత బోర్డు మీద చక్కగా పనిచేసింది. దాన్నే తీసి కొత్త అల్ట్రాస్కేల్ బోర్డు మీద పెడితే, కార్డు మీద ఎల్‌ఈడీ వెలుగుతోంది, డ్రైవర్ మాత్రం ప్రొడక్ట్ ఐడీ (చిప్ తన గుర్తింపుగా చెప్పే నంబరు) సున్నా అని మెసేజ్ ఇచ్చి ఆగిపోతోంది. ఒకరు చిప్ కాలిపోయిందన్నారు, ఇంకొకరు డివైస్ ట్రీ (ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో లైనక్స్‌కి చెప్పే ఫైలు) తప్పన్నారు, మూడో ఆయన ఎవరి మాటా వినకుండా డిజైన్ మొత్తం మళ్లీ బిల్డ్‌కి పెట్టి టీకి వెళ్లిపోయాడు. అందరూ స్క్రీన్ చుట్టూ మూగి లాగ్‌లు చదువుతుంటే, పవర్ సప్లైలు చూసే మేడమ్ వచ్చి స్క్రీన్ వైపు కూడా చూడకుండా మల్టీమీటర్ ప్రోబ్ వీఏడీజే మీద పెట్టారు. సున్నా. "ముందు కరెంటు ఇవ్వండి బాబూ, తర్వాత డ్రైవర్‌ని తిడుదురు గాని" అన్నారు.

సంగతేంటంటే, జెడ్‌బోర్డు లాంటి పాత బోర్డుల్లో వీఏడీజే ఎంతో మనమే జంపర్‌తో పెడతాం. కొత్తవాటిలో కొన్ని అలా కాదు. కార్డు మీద ఉండే చిన్న ఈఈప్రామ్ (మెమరీ చిప్) చదివి, దీనికి ఎన్ని వోల్టులు కావాలో తెలిశాకే సప్లై ఆన్ చేస్తాయి, అందులో సరైన సమాచారం లేకపోతే అసలు ఇవ్వవు. మాకు అమ్మినవాళ్లు ఆ ఈఈప్రామ్‌ని ఖాళీగా వదిలేశారు, చదివితే అన్నీ ఎఫ్ఎఫ్‌లే. ఎల్‌ఈడీకి 3.3 వోల్టులు వేరే పిన్ను మీద వస్తాయి కాబట్టి అది నిశ్చింతగా వెలుగుతూ మమ్మల్ని మోసం చేసింది. సరైన డేటా రాసి రీస్టార్ట్ చేస్తే 1.8 వోల్టులు వచ్చాయి. చిప్ దొరికాక డ్రైవర్ క్లాక్ డిలే, డేటా డిలే మార్చి మార్చి చూస్తూ ఓలు, హ్యాష్‌లతో ఒక పట్టీ ప్రింట్ చేస్తుంది, ఓ అంటే పాస్ అన్నమాట. ఆ ఓలు వరసగా పడుతుంటే ల్యాబ్‌లో చప్పట్లు కొట్టారు, నిజంగా. అమ్మినవాళ్లకి మెయిల్ పెడితే "ఇంతవరకూ ఎవరూ కంప్లయింట్ చేయలేదు, మీ బోర్డు చెక్ చేసుకోండి" అని జవాబు. ఈ రకం జవాబులు ఇచ్చేవాళ్ల దగ్గర సగం ధరకి వచ్చినా కొనకండి.

అలాగని జంపర్ ఉన్న బోర్డు సేఫ్ అనుకోకండి. ఈ చిప్ డిజిటల్ వైపు 2.5 వోల్టులే గరిష్ఠం. ఇంతకుముందు వేరే కార్డు కోసం ఎవరైనా 3.3 మీద పెట్టి వదిలేసి ఉంటే మీ కిట్ సంగతి అంతే.

చిప్ ఒకటే కదా అని ఏదో ఒకటి ఆర్డర్ చేయకండి. ఎనలాగ్ డివైసెస్ వాళ్ల ఎఫ్‌ఎంకామ్స్2, 3 కార్డులు రెండింటిలోనూ ఉన్నది ఏడీ9361 చిప్పే, కానీ 2లో ఆర్‌ఎఫ్ వైపు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరికి ట్యూన్ చేసి ఉంటుంది, చిప్ 70 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుందని నమ్మి దాంతో ఎఫ్ఎం వినబోతే నిరాశే. మొత్తం రేంజ్ కావాలంటే 3 తీసుకోండి. వాళ్లిచ్చే రిఫరెన్స్ డిజైన్‌లో ఒక్కో రిలీజ్‌కి వివాడో (ఎఫ్‌పీజీఏ డిజైన్ బిల్డ్ చేసే సాఫ్ట్‌వేర్) ఒక్కో వెర్షనే కావాలి, వేరేది ఉంటే స్క్రిప్ట్ అక్కడే ఆగిపోతుంది. గిగాబైట్లకి గిగాబైట్లు మళ్లీ డౌన్‌లోడ్ చేయించే ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లకి మా నెట్ స్పీడ్ ఇవ్వాలి. టీఎక్స్ (పంపే వైపు) నుంచి ఆర్‌ఎక్స్ (అందుకునే వైపు)కి కేబుల్ కలిపి టెస్ట్ చేసేటప్పుడు మధ్యలో 30 డీబీ అటెన్యుయేటర్ (సిగ్నల్ బలం తగ్గించేది) పెట్టండి. యాంటెన్నా పెట్టి ట్రాన్స్‌మిట్ చేయాలంటే లైసెన్స్ ఉండాలి, అది మర్చిపోవద్దు.

ఇంతకీ మీ బోర్డు ఏదో రాయలేదు. జింక్ 7020 చిప్ ఉన్నదైతే ఏడీ9371 లాంటి పెద్ద చిప్‌ల కార్డుల గురించి ఆలోచించనే వద్దు. వాటికి జెస్‌డీ204బీ అనే హైస్పీడ్ సీరియల్ లింక్ కావాలి, 7020లో దానికి కావాల్సిన గిగాబిట్ ట్రాన్సీవర్లే లేవు. బోర్డు పేరు, దాని మీద ఉన్న ఎఫ్‌ఎంసీ 160 పిన్నులదో 400 పిన్నులదో చెప్పండి, ఏ కార్డు సరిపోతుందో చూద్దాం.