టర్బోకి లోన్ వద్దు, ముందు కారు పాత బాకీ తీర్చండి

ప్రశ్న: నా దగ్గర 1990 నాటి మాజ్డా ఎంఎక్స్‌-5 అనే రెండు సీట్ల, గుడ్డ పైకప్పు స్పోర్ట్స్ కారు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఇష్టపడి కొన్నాను. రోజువారీ పనులకు ఇంట్లో వేరే కారు ఉంది. దీని సర్వీసింగ్, చిన్నచిన్న రిపేర్లు సెలవు రోజుల్లో నేనే చేసుకుంటాను. నా జీతంలో వందకు 38 హోమ్ లోన్‌కి, 40 ఇంటి ఖర్చులకు, 10 పిల్లల చదువు, రిటైర్మెంట్ పొదుపులకు పోగా 12 మిగులుతుంది. అత్యవసర నిధి రెండు నెలల ఖర్చులకు సరిపడా ఉంది. ఇప్పుడు టర్బో కిట్ (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసి శక్తి పెంచే సామగ్రి) వేయాలనుకుంటున్నాను. దానికి రెండున్నర నెలల జీతమంత అవుతుంది. 14 శాతం వడ్డీకి మూడేళ్ళ పర్సనల్ లోన్ దొరుకుతోంది. పని నేనే చేస్తాను కాబట్టి లేబర్ మిగులుతుంది, కారు విలువ కూడా పెరుగుతుందని నా లెక్క. మా ఆవిడ మాత్రం కారు అమ్మేయమంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: లోన్ తీసుకోకండి. కారును ఇప్పటికిప్పుడు అమ్మేయాల్సిన అవసరం కూడా నాకు కనిపించడం లేదు.

ముందు అప్పు సంగతి చూద్దాం. మీ నెల జీతం 100 అనుకుంటే తీసుకోబోయేది 250. 14 శాతం వడ్డీతో 36 నెలలకు ఈఎంఐ సుమారు 8.5 పడుతుంది. అన్నీ కట్టేసరికి 308 దాకా అవుతుంది. అంటే సగం జీతం కన్నా ఎక్కువే వడ్డీకి పోతుంది. నాకు ఇంకా ఎక్కువ టెన్షన్ కలిగించేది వేరే ఉంది. మిగులుతున్న 12లో 8.5 ఈఎంఐకి పోతే మూడేళ్ళ పాటు మీ అత్యవసర నిధి దాదాపు అక్కడే ఉండిపోతుంది. ఈలోగా ఉద్యోగానికి ఏదైనా ఇబ్బంది వస్తే హోమ్ లోన్ వాయిదా ఆగదు, టర్బో వాయిదా కూడా ఆగదు.

పైగా ఆ 250తో పని పూర్తవుతుందని నేను అనుకోవడం లేదు. మీ 1.6 లీటర్ల ఇంజన్ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి, ఇంధనం నొక్కుకునే నిష్పత్తి, 9.4:1. టర్బో లేకుండా నడవడానికి తయారైన ఇంజన్ అది. అందులోకి గాలి ఎక్కువ తోస్తే ఇంధనం కూడా ఆ మేరకు పెరగాలి, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ) ట్యూనింగ్ మారాలి. పెరిగిన టార్క్‌కి పాత క్లచ్ జారడం మొదలుపెడుతుంది. పెరిగిన వేడిని ఏళ్ళ నాటి రేడియేటర్, హోస్ పైపులు మోయాలి. కిట్ ధర చూసి మొదలుపెట్టినవాళ్ళకు ఖర్చు తడిసి మోపెడయ్యేది సరిగ్గా ఇక్కడే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పాత కారు కొన్నామంటే దాని వెనకున్న బాకీ కూడా కొన్నట్టే. మునుపటి యజమానులు వాయిదా వేసిన పనులన్నీ మీ పేరు మీదే ఉంటాయి. దాన్ని తీర్చే ఏర్పాటు అయ్యేదాకా అప్‌గ్రేడ్‌కి ఒక్క పైసా కూడా కేటాయించవద్దని నా సలహా.

ఒక కాగితం మీద రాబోయే అయిదేళ్ళలో కారు అడగబోయేవన్నీ రాయండి. మొదట బ్రేకులు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఫ్లూయిడ్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగిపోతుంది. రెండేళ్ళకోసారి మార్చే ఈ పని ఇంట్లోనే తక్కువలో అయిపోతుంది. తర్వాత టైర్లు. టైరు పక్కగోడ మీద డాట్ కోడ్ చివర నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైనదని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా సరే, పదేళ్ళు దాటిన టైర్లను తీసేయాల్సిందే. ఆపైన కూలెంట్ హోస్‌లు, షాక్ అబ్జార్బర్లు, సస్పెన్షన్ బుష్‌లు (కీళ్ళ దగ్గరి రబ్బరు ముక్కలు), క్లచ్, పైకప్పు గుడ్డ.

పిస్టన్లు, వాల్వుల కదలికను జతపరిచే టైమింగ్ బెల్ట్ కాస్త ఆగగలదు. దాన్ని సుమారు లక్ష కిలోమీటర్లకు మార్చాలి, కానీ మీ ఇంజన్‌లో బెల్ట్ తెగినా పిస్టన్లు వాల్వులకు తగలవు. కారు దారిలో ఆగిపోతుంది, ఇంజన్ మాత్రం మిగులుతుంది. అలా కాని ఇంజన్లు చాలా ఉన్నాయి, వాటికైతే నేను ఈ మాట చెప్పను.

ఈ లిస్టులోని విడిభాగాల మొత్తం ధరను 60తో, అంటే అయిదేళ్ళ నెలలతో, భాగించండి. దానికి పావు వంతు కలపండి, ఎందుకంటే పాత కారు ఏదో ఒకటి చెప్పాపెట్టకుండా అడుగుతుంది. లిస్టు మొత్తం 150 అయిందనుకుందాం. నెలకు 2.5, పావు వంతు కలిపితే 3 చిల్లర. దీన్ని వేరే సేవింగ్స్ ఖాతాలో వేసి, కారు ఖర్చంతా అందులోంచే పెట్టండి. మిగిలిన 9 నేరుగా అత్యవసర నిధికి. హోమ్ లోన్, ఇంటి ఖర్చులు కలిపి మీకు నెలకు 78 కావాలి. నిధి రెండు నెలల నుంచి నాలుగు నెలలకు చేరడానికి సుమారు 17 నెలలు పడుతుంది. అప్పటికీ టర్బో మీద మనసు తగ్గకపోతే ఆ 9ని దానికి మళ్ళించండి. 28 నెలల్లో 250 చేతిలో ఉంటుంది, వడ్డీ లేకుండా. నిధిని ఆరు నెలలకు పెంచాకే మొదలుపెడితే ఇంకా సంతోషిస్తాను.

లేబర్ మిగులుతుందన్నారు. నిజమే, కానీ ఆ మిగులు ఎక్కడుంది? చాలామందికి అది మరో పనిముట్టుగానో, ఇంకో పార్టుగానో మారిపోతుంది. ఇంట్లో చేసిన ప్రతి పనికీ మెకానిక్ ఎంత అడిగేవాడో కనుక్కుని, అందులో సగం మీ కారు ఖాతాకి అదే రోజు బదిలీ చేయండి. అప్పుడే అది ఆదా. పనిముట్లలో ఏడాదికి నాలుగైదుసార్లు వాడేవి కొనుక్కోండి, ఒక్కసారి వాడేవి అద్దెకో బదులుకో తెచ్చుకోండి. రెండింటి దగ్గర మాత్రం పొదుపు చూడొద్దు. ఒకటి మంచి జాకీ స్టాండ్లు. కారు జాకీ మీద మాత్రమే నిలబడి ఉన్నప్పుడు, ఒక్క నిమిషానికైనా సరే, దాని కిందికి వెళ్ళకండి. మీ కుటుంబం మీ జీతం మీద ఆధారపడి ఉంది. రెండోది టార్క్ రెంచ్, అంటే బోల్టును కొలిచిన బిగువుతో బిగించే పనిముట్టు. 1990 నాటి మీ ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) ముందు భాగం పొట్టిగా ఉంటుంది. పుల్లీని పట్టుకునే పెద్ద బోల్టును ఊడదీసి సరైన బిగువుతో బిగించకపోతే లోపలి కీ (పుల్లీ జారకుండా పట్టే చిన్న లోహపు ముక్క) అరిగి, ఆ గాడి పాడై, క్రాంక్‌షాఫ్టే మార్చాల్సి రావచ్చు. సంవత్సరాలుగా మిగిల్చిన లేబర్ ఆ ఒక్క బోల్టు దగ్గర పోతుంది. ఆ పని మీద నమ్మకం లేకపోతే అది మెకానిక్‌కి వదిలేయండి, అందులో నామోషీ లేదు.

సరదా అంతా చంపుకోమని చెప్పడం లేదు. మార్చక తప్పని భాగం వచ్చినప్పుడు దాని స్థానంలో మెరుగైనది వేయండి. షాక్ అబ్జార్బర్లు అరిగాయా, మంచివి కొనండి. అప్పుడు మీ చేతి చమురు వదిలేది రెండింటి ధరల తేడా మాత్రమే. బెల్ట్ విప్పినప్పుడు దాని వెనకే ఉన్న వాటర్ పంప్‌ని, ఆయిల్ సీళ్ళను కూడా మార్చేయండి, మళ్ళీ విప్పే శ్రమ తప్పుతుంది. నిజం చెప్పాలంటే ఇంత తేలికైన కారుకి కొత్త టైర్లు, కొత్త షాక్‌లు, కొత్త బుష్‌లు వేస్తే, నడిపేటప్పుడు వచ్చే ఆనందంలో చాలా భాగం అక్కడే దొరుకుతుంది.

కారు విలువ మాటకొస్తే, టర్బోకి పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోకండి. మొదటి తరం ఎంఎక్స్‌-5లు 1989 నుంచి 1997 దాకా నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. విడిభాగాలు సులువుగా దొరకడానికి అదొక కారణం, మాజ్డా సైతం 2017లో ఈ కార్ల పునరుద్ధరణ పథకం ప్రకటించింది. అయితే కొనేవాళ్ళు ఎక్కువగా వెతికేది మార్పులు లేని, తుప్పు లేని, రికార్డులున్న కారు కోసం. తీసిన ప్రతి ఒరిజినల్ పార్టునూ భద్రంగా దాచండి, ప్రతి బిల్లునూ తేదీ, కిలోమీటర్లతో సహా ఫైలు చేయండి. పిల్లల చదువు లెక్కలోకి మాత్రం ఈ కారు విలువను తీసుకురావద్దు.

ఇన్సూరెన్స్ కూడా ఒకసారి చూసుకోండి. మామూలు పాలసీ తరుగు పోను మిగిలిన విలువే ఇస్తుంది. పాత కార్లకు ముందుగానే విలువ ఒప్పుకునే పాలసీలు ఉంటాయి, అలాంటిది దొరుకుతుందేమో అడగండి. ఏ మార్పు చేసినా కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి. చెప్పకపోతే రేపు క్లెయిమ్ తిరస్కరించడానికి అదే కారణం కావచ్చు.

ఇక మీ శ్రీమతి గారి మాట. ఆమె భయం న్యాయమైనదే, ఎంత పోతుందో తెలియని ఖర్చును చూసి ఎవరైనా భయపడతారు. అయిదేళ్ళ లిస్టు ఇద్దరూ కలిసి వేయండి, నెలకు ఇంతే అన్న హద్దు ఆమె సమక్షంలో పెట్టండి. అలాగే ఏ పరిస్థితి వస్తే అమ్మేస్తారో కూడా ముందే తేల్చుకోండి. నా దృష్టిలో అది తుప్పు. ఈ కారు పైకప్పు గుడ్డ మీద పడిన నీళ్ళు సీట్ల వెనక ఉన్న సన్నని గొట్టాల గుండా కిందికి పోతాయి. వాటిలో ఆకులు, మట్టి ఇరుక్కుంటే నీళ్ళు నిలిచి సిల్స్ (తలుపుల కింద ఉండే బాడీ భాగాలు) లోపలి నుంచి తుప్పు పడతాయి. ఆ గొట్టాలను శుభ్రం చేయడానికి ఖర్చేమీ లేదు, ఈ వారమే చేయండి. తర్వాత వెనక చక్రాల ముందున్న సిల్స్‌ని బాడీ పని తెలిసినవాళ్ళ చేత లిఫ్ట్ మీద చూపించండి. పైపైన ఉంటే ఆపొచ్చు. లోపలి లోహాన్ని తినేసి ఉంటే కోసి వెల్డింగ్ చేయాలి, అది మీ 60 నెలల లెక్కను తలకిందులు చేస్తుంది. అలా అయితే ఇంకే పార్టూ కొనకముందే ఆ ఖర్చు అంచనాతో నాకు మళ్ళీ రాయండి.