ముందు నీ కారు ఎందుకు ఆపాడో తేల్చుకో

అల్లుడూ,

నిన్న ఫోన్లో, తాగావో లేదో చూసే మెషీన్‌లో రీడింగ్ ఎంత వచ్చిందో అదే పదేపదే చెప్పావు. నేనడిగింది వేరు, అసలు పోలీసు నీ బండి ఎందుకు ఆపాడు? ఇక్కడ టెక్సస్ కోర్టుల్లో మనవాళ్లకు ఇంటర్‌ప్రెటర్‌గా ఇన్నాళ్లు నిలబడి చూశాను, తాగి నడిపిన కేసులో గట్టిగా పట్టుకోవాల్సిన మొదటి ప్రశ్న అదే. తాగి స్టీరింగ్ పట్టుకోవడం తప్పే, దాని గురించి ఎదురుగా కూర్చుని మాట్లాడతాను. కానీ అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ ప్రకారం పోలీసు మనసుకు ఏదో తోచిందని కారు ఆపడానికి లేదు, ఫలానా కారణం అని చెప్పగలగాలి. అది లేదని జడ్జి ఒప్పుకుంటే ఆ తర్వాత దొరికిన వాసన, నడిపించి చూసిన పరీక్ష, రక్తం రిపోర్టు మామూలుగా ఏవీ కేసులో నిలవవు.

నీ రిపోర్టులో 'లేన్ దాటాడు' అని రాశారన్నావు కదా, పోలీసు కారులో ఉండే కెమెరా (డాష్‌క్యామ్) వీడియో తెప్పించి టైరు గీత మీద ఎన్నిసార్లు పడింది, పక్కన వేరే బండి ఉందా అన్నది ఆపి ఆపి చూడమని లాయరుకు చెప్పు. 2022లో హార్డిన్ కేసులో టెక్సస్ పెద్ద క్రిమినల్ కోర్టు, గీత దాటితే చాలదు, అది ప్రమాదకరంగా కూడా ఉండాలి అంది. అలాగని ఆశలన్నీ దాని మీదే పెట్టుకోకు. పోలీసు చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకున్నా, ఆ పొరపాటు సబబైనదైతే ఆపడం చెల్లుతుందని 2014లో సుప్రీంకోర్టు హైన్ కేసులో చెప్పింది. అలాగే బండి లైటు నిజంగానే వెలగలేదనుకో, ఆపడానికి అదే చాలు, పోలీసు మనసులో ఇంకేం ఉందన్నది కోర్టు పట్టించుకోదు.

టైము కూడా చూడు. ట్రాఫిక్ టికెట్ రాసే పని అయిపోయాక కారణం లేకుండా నిలబెట్టి ఉంచకూడదు, అది 2015లో సుప్రీంకోర్టు ఇచ్చిన రోడ్రిగెజ్ తీర్పు.

అన్నిటికంటే ముందు లైసెన్సు సంగతి. లైసెన్సు సస్పెండ్ చేస్తామన్న నోటీసు చేతికొచ్చిన 15 రోజుల్లోపు హియరింగ్ అడగాలి, లేకపోతే లైసెన్సు దానంతటదే సస్పెండ్ అవుతుంది. ఆ హియరింగ్‌కు పోలీసును పిలిపిస్తే ఎందుకు ఆపాడో ప్రమాణం చేసి చెప్పాల్సి వస్తుంది, ఆ మాటలు తర్వాత అసలు కోర్టులో పనికొస్తాయి.

వీసా స్టాంపు అరెస్టుతోనే రద్దు కావచ్చు, కేసు గెలిచినా అది దానంతటదే తిరిగిరాదు. ఇమ్మిగ్రేషన్ లాయరును అడక్కుండా ఇండియా టికెట్ కొనకు.

ఆ రాత్రి జరిగింది గుర్తున్నంతవరకు ఈ రోజే రాసిపెట్టి లాయరుకు మాత్రమే ఇవ్వు. వాట్సాప్‌లో ఎవరికీ పెట్టకు, నాక్కూడా.

మీ మామయ్య