పాప చెయ్యి పట్టుకున్నాడని పార్కుకు రావద్దంటున్నారు

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, పుట్టుకతోనే మేధో వైకల్యం ఉంది. రోజూ సాయంత్రం మా అపార్ట్‌మెంట్ పార్కుకు తీసుకెళ్తాను. ఈమధ్య ఒక నాలుగేళ్ల పాప బూట్లలో మెరిసే లైట్లు చూసి ముచ్చటపడి, పాప చెయ్యి పట్టుకుని వదల్లేదు. పాప బెదిరి ఏడ్చింది. అప్పటినుంచి మధ్యాహ్నం రెండు, నాలుగు గంటల మధ్య ఎవరూ లేనప్పుడే తీసుకురమ్మని అసోసియేషన్‌వారు అంటున్నారు. మావారు పరువు పోతోందని, అసలు గడప దాటించవద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హైదరాబాద్

సలహా: అమ్మా, మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఆ పార్కులో పావురాలు కూడా ఉండవు. మనుషుల మధ్య మెలగడం అలవాటు కావలసిన అబ్బాయికి ఖాళీ పార్కును కేటాయించడం వెసులుబాటు కాదు, వెలివేత. దానికి ఒప్పుకోకండి.

అయితే ఆ పాప తల్లి వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. మీకు కనిపించింది లైట్లు చూసి మురిసిన పసిమనసు, ఆమెకు కనిపించింది మీసాలొచ్చిన యువకుడి చేతిలో చిక్కుకున్న తన బిడ్డ. ఆమె భయంలో దురుద్దేశం లేదు. అందుకని ముందు మీరే ఆమె ఇంటికి వెళ్లి, జరిగినదానికి బాధపడుతున్నామని చెప్పి, అబ్బాయి పేరు, అతనికి నచ్చేవి, అతను గట్టిగా అరిస్తే దాని అర్థమేమిటో వివరించండి. పార్కులో ఆడుకునే పిల్లలకూ అతన్ని పేరుతోనే పరిచయం చేయండి. పేరు తెలిశాక పిల్లలకు బెరుకు పోతుంది, పెద్దలకే కొంత ఆలస్యమవుతుంది.

అబ్బాయికి "ముట్టుకోకు" అని చెబితే చాలదు, ముట్టుకోవడానికి బదులు ఏం చేయాలో నేర్పాలి. నచ్చినది కనిపిస్తే మీ చెయ్యి పట్టుకుని దాన్ని వేలితో చూపించడం ఇంట్లో రోజూ ఆటలా సాధన చేయించండి. కొన్నాళ్లు పార్కులో చెయ్యి అందేంత దగ్గరలోనే ఉండండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీలో (పాతవాళ్లు ఇంకా ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు) ఇలాంటి ప్రవర్తనా శిక్షణపై నిపుణులు మార్గదర్శనం చేస్తారు.

ఇక అసోసియేషన్‌కు లిఖితపూర్వకంగా జవాబివ్వండి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మేధో వైకల్యం ఉన్నవారికీ వర్తిస్తుందని, వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని అది చెబుతోందని మర్యాదగా గుర్తుచేయండి. నలుగురిలో కావాలని అవమానించినవారికి ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలుశిక్ష విధించే సెక్షన్ 92 కూడా అందులో ఉంది గానీ, దాన్ని మొదటి ఉత్తరంలోనే ప్రయోగిస్తే మీ మాట నెగ్గుతుందేమో, సాయంత్రం బెంచీ మీద మీ పక్కన కూర్చునేవారు మాత్రం మిగలరు.

మీవారితో వాదించకండి. ఆయనది కోపంలా కనిపిస్తున్న సిగ్గు, అది మాటలతో పోదు. పార్కుకు రమ్మని కూడా ఇప్పుడే పట్టుబట్టకండి. పొద్దున్నే పాల ప్యాకెట్‌కు వెళ్లేటప్పుడు అబ్బాయిని వెంట తీసుకెళ్లమనండి, డబ్బులు కొట్టువాడి చేతికి అబ్బాయి చేతే ఇప్పించమనండి. పది నిమిషాల పనే కాబట్టి ఆయన కాదనకపోవచ్చు.