దేవుని రాజ్యం ఎప్పుడు వస్తుంది? బైబిల్లో తేదీ ఉందా?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం కొబ్బరితోటల్ని పడగొట్టినప్పుడు, ఇక దేవుని రాజ్యం వచ్చేస్తోందని శ్రీకాకుళం జిల్లాలో అన్నవాళ్లున్నారు. మీరూ అదే అడుగుతున్నారు: ఇలాంటివి చూసి తేదీ లెక్కకట్టవచ్చా? కట్టలేం. కరవులు, భూకంపాలు వేదనలకు ప్రారంభం మాత్రమేనని యేసు చెప్పాడు (మత్తయి 24). ఆ దినం తండ్రికి తప్ప ఎవరికీ తెలియదనీ అక్కడే అన్నాడు.

అసలు ప్రవచనం దానియేలు 2వ అధ్యాయంలో ఉంది. బబులోను రాజు నెబుకద్నెజరు కలలో ఒక ప్రతిమ: బంగారు తల, వెండి రొమ్ము, ఇత్తడి పొట్ట, ఇనుప కాళ్లు, ఇనుమూ మట్టీ కలిసిన పాదాలు. చేతి సాయం లేకుండా తీసిన రాయి ఆ పాదాలకే తగులుతుంది. ప్రతిమ అంతా కళ్లంలో పొట్టులా ఎగిరిపోతుంది, రాయి పర్వతమై భూమంతా నిండుతుంది. ప్రతిమలోని భాగాలు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే రాజ్యాలు, రాయి దేవుడు స్థాపించే రాజ్యం. ఏ రాజ్యం తర్వాత ఏది అన్న క్రమం ఉంది గానీ సంవత్సరం లేదు.

అయితే రాజ్యం సమీపించిందని యేసు అప్పుడే ప్రకటించాడు (మార్కు 1:15). అందుకే అది మొదలైంది, ఆయన తిరిగి వచ్చినప్పుడు పూర్తవుతుందని చాలా సంఘాలు బోధిస్తాయి. నాకూ అదే సబబనిపిస్తుంది. అమెరికా బోధకుడు విలియం మిల్లర్ అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని ఎదురుచూశారు, రాలేదు. 1914లో పరలోకంలో రాజ్యం మొదలైందని యెహోవాసాక్షులు అంటారు. మత్తయి 24:14 మాత్రం ఒక్క షరతు పెడుతుంది: సువార్త సకల జనాలకూ చేరాలి, తర్వాతే అంతం.