బృందగానానికి గొంతులు కావాలి: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కులం, మతం అనకుండా కాలనీవాళ్లంతా కలిసి పాడే బృందం ఒకటి పెట్టాలనుకున్నాం. జనవరి 26న మొదటి కార్యక్రమం. ‘ఆసక్తి గలవారు పేర్లు ఇవ్వగలరు’ అని వాట్సాప్‌లో పెడితే నలభై మంది సరే అన్నారు. మొదటి ఆదివారం వచ్చింది ఏడుగురు, అందులో ఐదుగురు కమిటీవాళ్లే. ఏం చేయాలి?
– కాలనీ సంఘం కార్యదర్శి, హనుమకొండ

జవాబు: సరే అన్న నలభై మందికీ పాడాలనే ఉంది. మీ సందేశం వాళ్లకు ధైర్యం ఇవ్వలేదు, అంతే. చదివిన మనిషికి రెండు భయాలు ఉంటాయి. ఒకటి, ‘నాకు పాడరాదు, నలుగురిలో నవ్వులపాలవుతానేమో’. రెండోది, ‘ఒక్కసారి పోతే ఇక ప్రతి ఆదివారం వదిలిపెట్టరు’. ఈ రెండూ పోయేలా రాయండి. ‘ఆదివారం సాయంత్రం 5 నుంచి 6.30 వరకు, కమ్యూనిటీ హాలులో. నవంబరు మొదటి ఆదివారం మొదలై జనవరి 26తో ముగుస్తుంది. సంక్రాంతికి సెలవు. మొత్తం నాలుగు పాటలు. సంగీతం వచ్చి ఉండనవసరం లేదు, పరీక్ష లేదు, ఫీజు లేదు. రెండు వారాలు వచ్చి చూడండి, నచ్చకపోతే మానేయవచ్చు.’ ముగింపు తేదీ తప్పకుండా ఉండాలి. ఎప్పటికీ నడిచే బృందంలో చేరమంటే వెనకాడేవాళ్లు మూడు నెలలంటే వస్తారు. వాళ్లలో చాలామంది ఆ తర్వాత కూడా ఉంటారు.

అయితే ఎంత బాగా రాసినా ప్రకటన సగం పనే చేస్తుంది. మిగతా సగం మనిషి మనిషిని పిలవడంలో ఉంది. ముందుగా వెళ్లాల్సింది మీ వాడలో బతుకమ్మ పాట ఎత్తుకునే ఆమె ఇంటికి. ప్రతి వాడలో అలాంటి అక్కో, అత్తమ్మో ఒకరు ఉంటారు. ఆమె ఒక చరణం అందుకుంటే ముప్పై మంది వెనక పలుకుతారు. ఆమె వస్తే ఐదారుగురు ఆమె వెంట వస్తారు, వాళ్లకు కలిసి పాడే అలవాటు ముందే ఉంది. ఆ తర్వాత భజన మండలి, చర్చి గాయక బృందం, రిటైరైన టీచర్లు. మగ గొంతులే దొరకడం కష్టం. భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచే స్నేహితుల గుంపుల్లో అడగండి. మగవాళ్లు ఒక్కొక్కరుగా రారు, గుంపుగా వస్తారు. కాకతీయ యూనివర్సిటీ, నిట్ హాస్టళ్ల పిల్లలు ఉత్సాహంగా వస్తారు కానీ పరీక్షలు రాగానే మాయమవుతారు. వాళ్లను లెక్కలో అదనంగానే ఉంచండి. విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల విద్యార్థి ఒకరిద్దరు వస్తామంటే వెనక వరుసలో నిలబెట్టకండి. ‘ఆడవాళ్ల గుంపుకు శ్రుతి మీరే చూడాలి’ అని ఒక పని అప్పగించండి. పని ఉన్నవాళ్లు మానరు.

వేదిక మీద 24 మంది కావాలంటే కనీసం 36 పేర్లు చేతిలో ఉండాలి. పెళ్లిళ్లు, జ్వరాలు, ఊరి ప్రయాణాలు మూడో వంతును ఎప్పుడూ తీసుకుపోతుంటాయి. 12 మందికి తగ్గితే మాత్రం అది బృందంలా వినిపించదు. ఊపిరి తీసుకునే చోట ఖాళీలు తెలుస్తాయి, ఒక్క గొంతు గట్టిగా ఉన్నా అదే పైకి వస్తుంది.

ఇంకో మాట. సాయంత్రం పూట ఆడవాళ్లు ఇద్దరేసి, ముగ్గురేసి వచ్చిపోతారు. హాలు నుంచి ఆటో దొరకాలి, లోపల బాత్‌రూమ్ వాడేలా ఉండాలి, చెప్పిన టైముకు వదిలిపెట్టాలి. 6.30 అని చెప్పి 7.15 దాకా కూర్చోబెడితే వచ్చే వారం ఇంట్లో పంపరు. మేడారం జాతర జరిగే ఏడాదైతే ఆ తేదీలు ముందే చూసుకోండి. రెండేళ్లకోసారి మాఘ మాసంలో వచ్చే ఆ జాతర 2026లో జనవరి చివరి వారంలోనే పడింది. అలాంటప్పుడు బస్సులూ మనుషులూ అటే ఉంటారు, మీ కార్యక్రమానికి ముందు రోజుల్లో రిహార్సల్ సాగదు.

ప్రశ్న: మా బృందంలో ఇరవై మంది చేరారు. ఇద్దరు ముగ్గురు పూర్తిగా శ్రుతి తప్పుతున్నారు. చేర్చుకునే ముందే పరీక్ష పెట్టి ఉండాల్సిందా? ఇప్పుడు వాళ్లకు ఎలా చెప్పాలి? ఇంకొందరు చెప్పకుండానే మానేస్తున్నారు.
– సంగీతం టీచర్, కరీంనగర్

జవాబు: మీ ప్రశ్నలోని ఆఖరి వాక్యమే అన్నిటికంటే ముఖ్యమైనది. మానేసేవాళ్లు ‘టైము దొరకడం లేదు మేడం’ అంటారు. చాలాసార్లు అసలు కారణం పాట వాళ్ల గొంతుకు అందకపోవడం. గంటన్నర కూర్చుని పై చరణం వచ్చినప్పుడల్లా నోరు మూసుకోవాల్సిన మనిషి ఎన్ని వారాలు వస్తాడు? మనుషుల్ని నిలుపుకోవడం శ్రుతి పెట్టడంతోనే మొదలవుతుంది.

ఒంటరిగా పాడేటప్పుడు మగవాళ్లు ఒకటి, రెండు శ్రుతుల్లో (హార్మోనియం మీద సి, డి మెట్లు), ఆడవాళ్లు ఐదు, ఆరు శ్రుతుల్లో (జి, ఎ మెట్లు) సుఖంగా ఉంటారు. నేర్పే మనిషి తన శ్రుతిలో ఎత్తుకుంటే సగం బృందం అక్కడే పోతుంది. కలిసి పాడే పాటకు ముందు ఆ పాటలో అన్నిటికంటే కింది స్వరం, పై స్వరం ఏవో చూడండి. అలవాటు లేని ఆడ గొంతులకు హార్మోనియం మీద ఆరు శ్రుతి మెట్టు నుంచి ఒక స్థాయి (స నుంచి పై స దాకా ఉన్న దూరం) దాటాక వచ్చే రెండు శ్రుతి మెట్టు దాకా ఉన్న జాగా సుఖంగా ఉంటుంది. మగవాళ్లు అదే పాటను సరిగ్గా ఒక స్థాయి కింద పాడతారు. మంద్ర పంచమం (కింది ప) నుంచి తార షడ్జం (పై స) దాకా నడిచే పాటకు రెండు శ్రుతి సరిపోతుంది. మధ్య షడ్జం (మామూలు స) నుంచి తార మధ్యమం (పై మ) దాకా ఎగిరే పాటకు ఆరు శ్రుతి పెట్టాలి, మగవాళ్లకు అడుగున కొంచెం బరువుగా ఉన్నా పాడగలరు. అంతకంటే విస్తారం ఉన్న పాటను మొదటి ఏడాది ముట్టకండి, ఎంత ఇష్టమైనదైనా సరే.

పరీక్ష వద్దు. కానీ ప్రతి ఒక్కరితో విడిగా ఐదు నిమిషాలు కూర్చోండి, మిగతావాళ్లు బయట ఉండగా. తెలిసిన పాట ఏదైనా రెండు లైన్లు పాడమనండి, శ్రుతి ఇవ్వకండి. ఎక్కడ ఎత్తుకున్నారో హార్మోనియం మీద వెతికి రాసుకోండి, అదే వాళ్ల సహజ స్థానం. అక్కడి నుంచి ‘ఆ’ అంటూ మెట్టు మెట్టుగా పైకి, తర్వాత కిందికి తీసుకుపోండి. గొంతు బిగిసే చోటికి ఒక మెట్టు ముందే ఆపి, అదీ రాసుకోండి. చివరగా చప్పట్లతో ఆది తాళం రెండు ఆవర్తనాలు (చుట్లు). ఈ నోట్‌బుక్ ఉంటే ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, పాటకు ఏ శ్రుతి పెట్టాలో మీకే తెలిసిపోతుంది.

ఇక శ్రుతి తప్పేవాళ్లు. నిజంగా స్వరం వినపడని వాళ్లు చాలా అరుదు. మగవాళ్ల విషయంలో ఎక్కువగా జరిగేది ఇది: టీచరమ్మ తన గొంతులో స్వరం ఇస్తారు, ఆయనకు అది ఒక స్థాయి పైన ఉంటుంది. అందుకోబోయి మధ్యలో ఎక్కడో ఆగిపోతారు. అదే స్వరం ఇంకో మగ గొంతుతో ఇప్పించండి, సగం సమస్య తీరుతుంది. అప్పటికీ కలవకపోతే తిరగేసి చేయండి. ఆయనను తనకు తోచిన స్వరం పట్టి నిలపమనండి, హార్మోనియం వెళ్లి ఆయనను కలవాలి. రెండూ ఒకటైనప్పుడు ఎలా వినిపిస్తుందో ఆయన చెవికి తెలియాలి. ఆ తర్వాత ఒక్క మెట్టు పైకి, ఒక్క మెట్టు కిందికి. వారానికి ఐదు నిమిషాలు ఇలా చేస్తే కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. బృందంలో ఆయనను వరుస చివర కాకుండా స్థిరంగా పాడే ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి. తబలా పక్కన అసలే వద్దు, తన గొంతు తనకే వినపడదు.

‘మీరు పెదాలు మాత్రం కదపండి’ అని ఎవరితోనూ అనకండి. ఆ మాట జీవితాంతం గుర్తుంటుంది. అన్ని ప్రయత్నాలూ చేశాక కూడా కుదరకపోతే పాటల మధ్య వ్యాఖ్యానం చెప్పే పని ఇవ్వండి. అది చిన్న పని కాదు, బాగా మాట్లాడే మనిషి లేక తేలిపోయే కార్యక్రమాలు ఎన్నో.

ప్రశ్న: పాడేవాళ్లు ఉన్నారు, వాయించేవాళ్లే లేరు. తబలా, హార్మోనియం, కీబోర్డు, డప్పు అన్నీ పెట్టాలని మావాళ్ల కోరిక. ఉచితంగా ఎవరైనా వస్తారా?
– గ్రంథాలయ పాఠకుల సంఘం, జగిత్యాల

జవాబు: 24 గొంతులకు ఒక హార్మోనియం, ఒక ఢోలక్, ఒక జత తాళాలు చాలు. కీబోర్డు ఉంటే హార్మోనియం అవసరం లేదు. ఒక్క మీట నొక్కితే శ్రుతి మారుతుంది కాబట్టి కొత్తగా నేర్చినవాళ్లు కూడా తమకు వచ్చిన మెట్ల మీదే వాయించుకోవచ్చు. తబలా కావాలంటే ఒకటి గుర్తుంచుకోండి: ఒక దాయాన్‌ను (తబలా జతలో కుడిచేతిది) రెండు మూడు మెట్లకు మించి పైకీ కిందికీ లాగడం కష్టం. నాలుగు పాటలు నాలుగు శ్రుతుల్లో పెడితే నాలుగు దాయాన్లు తెమ్మని అడిగినట్టే. పాటల్ని ఒకటి రెండు శ్రుతుల్లోకి సర్దండి, లేదా ఢోలక్‌తో సరిపెట్టుకోండి. డప్పు మూసిన హాలులో గొంతుల్ని మింగేస్తుంది. పాట ఎత్తుగడకూ, చరణాల మధ్య ఖాళీకీ వాడితే గొప్పగా ఉంటుంది. తోలు డప్పు అయితే కాపుకోవడానికి బయట మంట వేసుకునే జాగా చూపించండి.

ఉచితం సంగతి. వాయిద్యమే బతుకుదెరువైన కళాకారుణ్ణి ఊరికే రమ్మనడం న్యాయం కాదు. ఆయనకు పెళ్లిలో, భజనలో ఎంత ఇస్తారో కనుక్కుని, మీ చేతనైనంత ముందే చెప్పి, ఆ రోజే చేతిలో పెట్టండి. ఉద్యోగం చేసుకుంటూ సరదాగా వాయించేవాళ్లు వేరు. బ్యాంకుల్లో, బడుల్లో, కరెంటు ఆఫీసుల్లో అలాంటివాళ్లు ఉంటారు, వాళ్లకు కనీసం ఆటో ఖర్చు ఇవ్వండి. ఇద్దరికీ పనికొచ్చే మర్యాద ఒకటుంది. రెండు వారాల ముందే పాటల పేర్లు, శ్రుతి, తాళం, ఎన్ని చరణాలు, ఫోనులో రికార్డు చేసిన నడక పంపి, చివరి మూడు రిహార్సల్స్‌కే పిలవండి. గాయకులు మాటలు నేర్చుకుంటుంటే తబలా ముందు ఖాళీగా కూర్చోవడం ఎవరికీ నచ్చదు.

తేదీ పెట్టే ముందు పంచాంగం తిరగేయండి. మంచి ముహూర్తం ఉన్న రోజు వాయించేవాళ్లు దొరకరు. ఆషాఢం, పుష్యం, మూఢం రోజుల్లో పెళ్లిళ్లు ఉండవు, అప్పుడు వాళ్లకు తీరిక.

ప్రశ్న: చర్చిలో నాలుగు భాగాలుగా పాడాలని మా ఆశ. టెనర్ (మగవాళ్లలో పై గొంతు) పాడే మగవాళ్లు దొరకడం లేదు.
– గాయక బృందం బాధ్యుడు, కాజీపేట

జవాబు: దొరికిన మగవాళ్లందరినీ బేస్‌లో (కింది గొంతులో) పెట్టేసి టెనర్ లేదని బాధపడుతున్నారేమో చూడండి. వాళ్లలో పై షడ్జం దగ్గర తేలిగ్గా ఉండేవాళ్లు ఇద్దరైనా ఉంటారు. లేకపోతే మూడు భాగాలు చాలు: ఆడవాళ్లు రెండు, మగవాళ్లు ఒకటి. ప్రతి భాగాన్నీ విడిగా ఫోనులో పాడి పంపండి, నొటేషన్ రానివాళ్లు చెవితో నేర్చుకుంటారు. రాగంలో కట్టిన తెలుగు కీర్తనలకు మాత్రం నాలుగు భాగాలు తగిలించకండి. గమకం (స్వరాన్ని ఊపి పలకడం) ఉన్న చోట కింది గొంతులు కరుకుగా తగులుతాయి. అక్కడ మగవాళ్లు సా–పా పట్టి నిలబడితే అందంగా ఉంటుంది.

ప్రశ్న: మా సభ్యుల్లో సగం మంది సింగరేణి కార్మికులు. షిఫ్టు మారిన వారం రాలేరు. ఏ రిహార్సల్‌కూ అందరూ ఉండరు.
– గోదావరిఖని

జవాబు: అందరూ ఉండే రోజు కోసం చూడకండి. వారానికి రెండు రిహార్సల్స్ పెట్టండి, ఒకటి పొద్దున 10కి, ఒకటి సాయంత్రం 6కి. రెండిట్లోనూ అదే పాఠం. షిఫ్టును బట్టి ఎవరైనా ఒకదానికి వస్తే చాలు. రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లను పొద్దున రమ్మని బలవంతం చేయకండి, నిద్ర లేని గొంతు లేవదు. ప్రతి భాగానికీ వేర్వేరు షిఫ్టుల నుంచి ఇద్దరేసి పెద్దలను పెట్టండి. ఒక్కరే ఉంటే ఆయన డ్యూటీకి పోయిన రోజు ఆ వరుసంతా మూగబోతుంది. చివరి రెండు రిహార్సల్స్ తేదీలను నెల ముందే చెప్పండి, అప్పుడే వాళ్లు తోటివాళ్లతో షిఫ్టు మార్చుకోవడానికో, సెలవు పెట్టుకోవడానికో వీలుంటుంది.